కరెంటు పొగ అలారాలు: ఏ చోటికి ఏది, ఎందుకు

అవసరమైన రోజున మోగని కరెంటు పొగ అలారాల్లో చాలావాటికి అసలు కరెంటే అంది ఉండదు. వంట చేసినప్పుడల్లా గోల చేస్తోందనో, అర్ధరాత్రి కీచుమంటోందనో ఎవరో స్టూలెక్కి ప్లగ్గు పీకేసి ఉంటారు, మళ్లీ పెట్టడం మరిచిపోయి ఉంటారు. అందుకని ఈ పోలిక అంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఈ చోట ఊరికే మోగి విసిగించకుండా, నిజంగా పొగ వచ్చినప్పుడు తప్పకుండా మోగేలా, 10 ఏళ్లపాటు మీరు చూసుకోగలిగింది ఏది?

పైకి ఒకేలా ఉండే రెండు జాతులు

సీలింగ్ మీద తెల్లగా, గుండ్రంగా కనిపించేవన్నీ ఒకటి కావు. మెయిన్ దగ్గర ఎంసీబీ ఆపి, దాన్ని గడియారం ముల్లుకు ఎదురు దిశలో కొద్దిగా తిప్పి దించండి. వెనకవైపు మూడు వైర్లున్న చిన్న ప్లగ్గు, బ్యాటరీ గూడు ఉండి, ముందువైపు బజర్ రంధ్రాలు కనిపిస్తే అది స్మోక్ అలారం. పొగ పసిగట్టేదీ అదే, అరిచేదీ అదే. 120 లేదా 230 వోల్టుల ఇంటి కరెంటు మీద నడుస్తుంది. ప్లగ్గు, బ్యాటరీ, బజర్ ఏవీ లేకుండా బేస్‌లో స్క్రూలు, లోహపు కాంటాక్టులు మాత్రమే ఉంటే అది స్మోక్ డిటెక్టర్. దానికి సొంత గొంతు లేదు. డిటెక్టర్లన్నిటినీ ఒకచోట నుంచి గమనించే పెట్టె, అంటే ఫైర్ అలారం ప్యానెల్, ఇచ్చే 24 వోల్టుల డీసీతో పనిచేస్తూ, పొగ వస్తే ప్యానెల్‌కి చెబుతుంది. హూటర్లు మోగించేది ప్యానెలే. ఇలాంటిదైతే హెడ్ (బేస్‌కి తగిలించే డిటెక్టర్) దించడానికి ముందే ప్యానెల్ చూసుకునేవాళ్లకి చెప్పాలి, లేకపోతే అక్కడ ఫాల్ట్ వచ్చి అందరూ కంగారు పడతారు.

లేబుల్ చదివినా తెలిసిపోతుంది. యూఎల్ అంటే అమెరికా ప్రమాణం, ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం. యూఎల్ 217 లేదా ఈఎన్ 14604 అని ఉంటే అలారం. యూఎల్ 268 లేదా ఈఎన్ 54-7 అని ఉంటే ప్యానెల్ డిటెక్టర్. ఇలాంటి ప్రమాణం ఏదీ లేని సరుకు ఎంత చవకైనా కొనకండి. ఒక జాతి స్థానంలో ఇంకొకటి అస్సలు పెట్టకూడదు. 24 వోల్టుల హెడ్‌కి ఇంటి కరెంటు తగిలిస్తే కాలిపోతుంది.

ఒక కుటుంబం ఉండే ఇంటికి, రెండు మూడు అంతస్తులైనా సరే, ఒకదానితో ఒకటి వైరు కలిపిన అలారాలు చాలు. ప్యానెల్ పెట్టుకుంటే దాని బ్యాటరీలు, దాని ఫాల్టులు, దాన్ని చూసే మనిషి అన్నీ అదనం. తాళం వేసి ఉండే గదులు, ఒకరికొకరు తెలియని మనుషులు నిద్రపోయే హాస్టళ్లు, చాలా గదులున్న ఆఫీసులు, గోదాములు అయితే ప్యానెల్ తప్పదు. అక్కడ ఏదో మోగుతోందని తెలిస్తే సరిపోదు, ఎక్కడ మోగుతోందో తెలియాలి.

ప్యానెల్ అయితే: కన్వెన్షనలా, అడ్రసబులా?

కన్వెన్షనల్ పద్ధతిలో ఒక జోన్ (భవనంలో ఒక భాగం) హెడ్లన్నీ ఒకే జత వైర్ల మీద వరసగా ఉంటాయి. ఏ హెడ్ పసిగట్టినా ప్యానెల్ మీద జోన్ నంబరు మాత్రమే వెలుగుతుంది. ఆ జోన్‌లో ఉన్న గదులన్నీ తిరిగి, ఏ హెడ్ మీద ఎర్ర లైటు వెలుగుతోందో మీరే చూసుకోవాలి. అడ్రసబుల్ పద్ధతిలో ప్రతి హెడ్‌కి ఒక నంబరు ఉంటుంది, ప్యానెల్ తెర మీద ఫలానా అంతస్తు, ఫలానా గది అని వస్తుంది. పైగా హెడ్ లోపల పొగను పసిగట్టే చాంబర్‌లో దుమ్ము పేరుకుంటున్న కొద్దీ ఆ తేడాను సర్దుకుని, సర్దుకోలేని స్థితి రాగానే శుభ్రం చేయమని చెప్పే హెడ్లు వీటిలో దొరుకుతాయి. హెడ్ వెతకడానికి ఒక మనిషికి రెండు నిమిషాలకు మించి పట్టే భవనమైతే అడ్రసబుల్‌కే వెళ్లండి. నాలుగైదు గదుల చిన్న చోటికి కన్వెన్షనల్ చాలు.

కన్వెన్షనల్ వైరింగ్‌లో మళ్లీ మళ్లీ కనిపించే తప్పు ఒకటుంది. లైను చివర ఒక రెసిస్టర్ పెడతారు, దాన్నే ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ అంటారు. దాని విలువ ప్యానెల్ తయారీదారు చెప్పిందే ఉండాలి. ప్యానెల్ ఎప్పుడూ ఆ రెసిస్టర్ గుండా కొద్దిపాటి కరెంటు పంపుతూ గమనిస్తుంటుంది. వైరు తెగితే కరెంటు ఆగి ఫాల్ట్ చూపిస్తుంది. పొగ వస్తే హెడ్ ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి అలారం చూపిస్తుంది. వైరును స్క్రూ దగ్గర కోసి, వచ్చే కొసను ఒక టెర్మినల్‌కి, పోయే కొసను ఇంకో టెర్మినల్‌కి బిగించాలి. పని త్వరగా అవుతుందని కోయకుండా ఇన్సులేషన్ గీకి, వైరును స్క్రూ చుట్టూ ఒక మెలిక తిప్పి బిగించేవాళ్లున్నారు. తర్వాత ఆ స్క్రూ వదులై హెడ్‌కి కరెంటు పోయినా వైరు మాత్రం తెగదు, రెసిస్టర్ ప్యానెల్‌కి కనిపిస్తూనే ఉంటుంది, ప్యానెల్ అంతా బాగుందనే చెబుతుంది. మధ్యలోంచి కొమ్మలా వైరు చీల్చి ఇంకో హెడ్ కలిపినా ఇదే ప్రమాదం. కొత్తగా వేసిన లైనును ఒప్పుకునే ముందు ప్రతి హెడ్‌నీ ఒక్కొక్కటిగా దించి చూడండి. దించిన ప్రతిసారీ ప్యానెల్ ఫాల్ట్ చూపాలి. చూపకపోతే అక్కడ వైరు కోయలేదని అర్థం.

రెండు వైర్ల హెడ్లు కరెంటు తీసుకునేదీ, కబురు చెప్పేదీ ఒకే జత మీద. అందుకే ఏ హెడ్ ఏ ప్యానెల్‌కి సరిపోతుందో తయారీదారు జాబితా చూసే కొనాలి. నాలుగు వైర్ల హెడ్లలో కరెంటు జత వేరు, పొగ కబురు చెప్పే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) జత వేరు. దొంగల అలారం ప్యానెల్‌కి కలిపేవి ఎక్కువగా ఇవే. వీటికి కరెంటు లైను చివర ఒక పర్యవేక్షణ రిలే పెట్టాలి. అది లేకపోతే హెడ్లకి కరెంటు పోయిన సంగతి ప్యానెల్‌కి తెలియదు.

అడ్రసబుల్‌లో ఎక్కువగా వచ్చే తప్పు రెండు హెడ్లకి ఒకే నంబరు పెట్టడం. హెడ్ మార్చినప్పుడు పాతదాని వెనకున్న నంబరు స్విచ్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకుని కొత్తదాన్ని అలాగే తిప్పండి. హెడ్లన్నిటినీ కలిపే వైరు చుట్టలో, అంటే లూప్‌లో, అక్కడక్కడ ఐసొలేటర్లు ఉండాలి. ఒకచోట షార్ట్ అయితే ఆ ముక్కను మాత్రమే పక్కనపెట్టి మిగతా లూప్‌ని నడిపించేవి అవే.

సెన్సర్: ఏ గదికి ఏది

ఫొటో ఎలక్ట్రిక్ సెన్సర్ మూత తీసి చూస్తే లోపల నల్లటి చిన్న డబ్బా, చుట్టూ వంకరటింకర గోడలు ఉంటాయి. బయటి వెలుతురు లోపలికి రాకుండా, గాలి మాత్రం వచ్చేలా ఆ వంకరలు. ఒకవైపు ఎల్‌ఈడీ, దానికి నేరుగా ఎదురు కాకుండా కోణంలో ఒక ఫొటోడయోడ్. మామూలుగా ఎల్‌ఈడీ వెలుగు డయోడ్ మీద పడదు. పొగ రేణువులు లోపలికి వస్తే వాటికి తగిలి వెలుగు చెదిరి డయోడ్ మీద పడుతుంది, అలారం మోగుతుంది. దుమ్ము పేరుకున్నా, సాలీడు గూడు కట్టినా, చిన్న పురుగు దూరినా అదే జరుగుతుంది. ఏ కారణమూ లేకుండా మోగిందని అనుకునే అలారాల్లో చాలావాటికి అసలు కారణం ఆ నల్ల డబ్బాలోనే దొరుకుతుంది.

అయొనైజేషన్ సెన్సర్‌లో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం చాలా కొద్దిగా, సుమారు 1 మైక్రో క్యూరీ ఉంటుంది. అది గాలిని అయాన్లుగా మార్చి రెండు పలకల మధ్య సన్నటి కరెంటు పారేలా చేస్తుంది. పొగ రేణువులు అయాన్లకి అంటుకుంటే ఆ కరెంటు తగ్గుతుంది. కాగితం భగ్గున అంటుకున్నప్పుడు వచ్చే అతి సన్నటి రేణువుల్ని ఇది ముందు పట్టుకుంటుంది. పరుపు, సోఫా, వైరు ఇన్సులేషన్ లాంటివి మంట రాకుండా రగులుతూ ఇచ్చే దట్టమైన పొగను ఫొటో ఎలక్ట్రిక్ చాలా ముందు పట్టుకుంటుంది. అమెరికాకు చెందిన నిస్ట్ సంస్థ 2004లో ప్రచురించిన ఇంటి మంటల ప్రయోగాల్లో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. మంట అంటుకున్న సందర్భంలో అయొనైజేషన్‌కి దక్కిన ఆధిక్యం కొద్దిగానే ఉంది, రగిలే సందర్భంలో ఫొటో ఎలక్ట్రిక్‌కి దక్కిన ఆధిక్యం చాలా ఎక్కువ.

ఆ లెక్కకి తోడు వంటింటి సంగతి కూడా ఉంది. పెనం మీద నూనె కాగినా, రొట్టె కాస్త మాడినా వచ్చే సన్నటి రేణువులకి అయొనైజేషన్ ఇట్టే మోగుతుంది. అలా మోగేదాన్నే జనం పీకేస్తారు. కాబట్టి ఒకే సెన్సర్ పెట్టేట్లయితే ఫొటో ఎలక్ట్రిక్ పెట్టండి. అయొనైజేషన్‌ని ఒంటరిగా ఎక్కడా సిఫారసు చేయలేం. పాత అయొనైజేషన్ అలారాన్ని విప్పకండి, కాల్చకండి. దాన్ని ఎలా పారేయాలో మీ చోట ఉన్న నియమం కనుక్కుని ఆ ప్రకారం అప్పగించండి.

రెండు సెన్సర్లు కలిసినవి కొనేటప్పుడు ఒక సంగతి అడిగి తెలుసుకోండి. కొన్నిటిలో రెండిట్లో ఏది మోగినా అలారమే, అప్పుడు అనవసరపు మోతలు కూడా రెండు వైపులనుంచీ వస్తాయి. మరికొన్ని రెండు సెన్సర్ల సమాచారాన్నీ కలిపి తూచి నిర్ణయిస్తాయి. వాటిని మల్టీ క్రైటీరియా అంటారు. డబ్బు పెట్టదగినవి రెండో రకం. యూఎల్ 217 ప్రమాణం 8వ సంచికలో వంట పొగకి మోగకూడదన్న పరీక్ష, పాలీయురిథేన్ ఫోమ్ రగిలినా మండినా మోగాలన్న పరీక్షలు చేరాయి. ఆ సంచిక ప్రకారం ధ్రువపరిచిన అలారం అయితే వంటింటికి దగ్గరి హాలుకి నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

వంటింటి లోపల, గ్యారేజీలో, దుమ్ము ఎక్కువగా ఉండే అటకల్లో పొగ సెన్సరే వద్దు, హీట్ అలారం పెట్టండి. ఇది సుమారు 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర మోగుతుంది. కొన్ని రకాలు నిమిషానికి సుమారు 8 డిగ్రీల చొప్పున వేడి పెరిగినా మోగుతాయి. అయితే హీట్ అలారం మోగేసరికి మంట బాగా ముదిరి ఉంటుంది. పడకగదిలో పొగ అలారానికి బదులుగా దాన్ని పెడితే ప్రాణానికే ముప్పు.

ఎంత మంచిదైనా చోటు తప్పితే దండగ. పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరం, బాత్‌రూమ్ తలుపుకి, ఏసీ గాలి వచ్చే చోటుకి, సీలింగ్ ఫ్యాను రెక్క కొసకి కనీసం 90 సెంటీమీటర్లు. సీలింగ్ మీద అయితే గోడ మూలకు 10 సెంటీమీటర్లు వదలండి. గోడ మీద పెట్టాల్సి వస్తే సీలింగ్ నుంచి 30 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ప్రతి పడకగదిలో ఒకటి, పడకగదుల బయటి దారిలో ఒకటి, ప్రతి అంతస్తులో కనీసం ఒకటి.

కరెంటు, బ్యాటరీ, కలిపే వైరు

కరెంటు అలారానికి బ్యాటరీ తోడు ఉండి తీరాలి. మంట మొదలయ్యేది షార్ట్ సర్క్యూట్‌తోనైతే ముందు పోయేది కరెంటే. మార్చుకునే 9 వోల్టుల లేదా డబుల్ ఏ బ్యాటరీలున్నవి కొనడానికి చవక, కానీ ఏడాదికోసారి నిచ్చెన ఎక్కాలి. తీసిన బ్యాటరీ రిమోట్‌లోకి వెళ్లిపోయే ప్రమాదం కూడా ఉంది. 10 ఏళ్ల సీల్డ్ లిథియం ఉన్నవాటికి ఆ బాధ లేదు. అలారం జీవితకాలం, బ్యాటరీ జీవితకాలం ఒకేసారి ముగుస్తాయి, మొత్తం మార్చేస్తారు. మేడమెట్ల పైన, ఎత్తైన హాల్లో, వృద్ధులుండే ఇంట్లో సీల్డ్ రకమే తీసుకోండి. ఒక జాగ్రత్త: ఇల్లు కడుతుండగా కరెంటు రాకముందే వీటిని బిగిస్తే, నెలల తరబడి బ్యాటరీ మీదే నడిచి అరిగిపోతుంది, సిమెంటు దుమ్ము చాంబర్ నిండా చేరుతుంది. రంగులు, గచ్చు పనులు అయ్యాకే బిగించండి.

ఏ సర్క్యూట్ మీద వేయాలి? విడి సర్క్యూట్ వేస్తే ఎంసీబీ పడిపోయినా ఎవరూ గమనించరు. రోజూ వాడే లైట్ల సర్క్యూట్ మీద, స్విచ్‌కి ముందునుంచే కలిపితే, కరెంటు పోగానే లైట్లు ఆరి తెలిసిపోతుంది. మీ చోట వైరింగ్ నియమం అనుమతిస్తే రెండోదే మేలు.

మూడో వైరు అలారాలన్నిటినీ కలిపే ఇంటర్‌కనెక్ట్. ఒకటి పొగ పసిగడితే ఆ వైరు మీద చిన్న డీసీ సంకేతం పంపుతుంది, చాలా రకాల్లో అది 9 వోల్టులు. అది అందగానే మిగతావన్నీ మోగుతాయి. ఆ సంకేతానికి న్యూట్రలే ఆధారం కాబట్టి అలారాలన్నీ ఒకే సర్క్యూట్ మీద ఉండాలి. వేరు వేరు సర్క్యూట్ల న్యూట్రల్స్ మీద ఉంటే కొన్ని మోగవు, కొన్ని ఊరికే మోగుతాయి. కంపెనీలు కలపడమూ అంతే. ఒక కంపెనీ సంకేతం ఇంకోదానికి అర్థం కావాలని లేదు, బోర్డు పాడైనా పాడవచ్చు. ఒక గొలుసులో సాధారణ పరిమితి 18 పరికరాలు, అందులో పొగ అలారాలు 12. మీరు కొన్నదాని పుస్తకంలో ఇంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే లెక్క.

ఒకే అలారం ఉన్నచోట ఇంటర్‌కనెక్ట్ వైరు కొసకి క్యాప్ పెట్టి వదిలేయాలి. దాన్ని ఎర్త్‌కో, ఫేజ్‌కో తగిలించకూడదు. కొత్తగా గోడలు పగలగొట్టి మూడో వైరు లాగలేని ఇంట్లో, కరెంటు తీసుకుంటూ రేడియోతో కలుసుకునే రకాలు మంచి ప్రత్యామ్నాయం. మందపాటి కాంక్రీటు స్లాబు ఉంటే కొనే ముందు రెండు అలారాలతో పై అంతస్తు నుంచి కింది అంతస్తుకి పరీక్షించి చూడండి.

కీచుమంటే, ఊరికే మోగితే

నిమిషానికోసారి కీచుమనడం సాధారణంగా బ్యాటరీ తగ్గిందనే. తెల్లవారుజామునే ఎక్కువగా వినిపించడానికి కారణం చల్లదనం. చల్లబడ్డ బ్యాటరీ వోల్టేజీ కాస్త పడిపోతుంది, అలారం అప్పుడు పసిగడుతుంది. కొత్త బ్యాటరీ వేసినా ఆగకపోతే ఎంసీబీ ఆపి, ప్లగ్గు తీసి, బ్యాటరీ తీసి, టెస్ట్ బటన్‌ని 15 నుంచి 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జ్ ఖర్చవుతుంది. ఆ తర్వాత బ్యాటరీ, ప్లగ్గు, ఎంసీబీ ఈ వరసలో తిరిగి పెట్టండి. అయినా కీచుమంటే వెనక ముద్రించిన తయారీ తేదీ చూడండి. 10 ఏళ్లు నిండితే ఆ కీచు ‘నన్ను మార్చు’ అని చెప్పడం. లెక్క కొన్న తేదీ నుంచి కాదు, తయారీ తేదీ నుంచి.

ఆకుపచ్చ లైటు కరెంటు ఉందనడానికి గుర్తు. అది ఆరి ఉంటే ఎంసీబీ పడిందో, ప్లగ్గు వదులైందో, బాక్స్‌లో న్యూట్రల్ జాయింటు ఊడిందో చూడాలి. వదులైన ప్లగ్గు వల్ల కరెంటు వస్తూ పోతూ ఉంటే ఊరికే మోగడమూ జరుగుతుంది.

ఇంట్లో అన్నీ ఒకేసారి మోగినప్పుడు ముందు మంట లేదని, అందరూ క్షేమమని చూసుకోండి. తర్వాత మొదలుపెట్టింది ఏదో వెతకండి. చాలా రకాల్లో దాని ఎర్ర లైటు గబగబా మిణుకుతుంటుంది, మిగతావాటిది మిణకదు. ఏదో ఒకదాన్ని తోచినట్టు దించితే దోషి దొరకదు. దొరికినదాన్ని దించి, వాక్యూమ్ క్లీనర్ మెత్తటి బ్రష్‌తో చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి దుమ్ము లాగండి. నీళ్లు, స్ప్రేలు వద్దు. శుభ్రం చేశాక కూడా మళ్లీ మోగితే మార్చేయండి.

నెలకోసారి టెస్ట్ బటన్, ఆరు నెలలకోసారి దుమ్ము. టెస్ట్ చేసేటప్పుడు ఒకరు బటన్ నొక్కితే ఇంకొకరు ఇంట్లో అన్నిటికన్నా దూరంగా ఉన్న పడకగదిలో తలుపు వేసుకుని వినాలి, ఇంటర్‌కనెక్ట్ కూడా అప్పుడే తేలుతుంది. పొగ నిజంగా లోపలికి వెళుతోందా అని చూడాలంటే తయారీదారు ఒప్పుకున్న టెస్ట్ స్ప్రే వాడండి. కొవ్వొత్తి పొగ చాంబర్‌లో జిడ్డు వదులుతుంది. రంగులు వేసేటప్పుడు, పురుగుల మందు కొట్టేటప్పుడు మూత తొడిగి, పని అయిన గంటలోనే తీసేయండి. అలారం మీద మాత్రం ఎప్పుడూ రంగు వేయకూడదు. ప్యానెల్ ఉన్నచోట లోపలి రెండు 12 వోల్టుల బ్యాటరీలు 3 నుంచి 5 ఏళ్లకే బలహీనపడతాయి, హెడ్లు బాగున్నా వాటిని విడిగా చూసుకోవాలి.

అలారం మార్చేటప్పుడు ప్లగ్గు చెవులు నొక్కి లాగండి, వైర్లు పట్టి గుంజకండి. కొత్తది అదే కంపెనీదైనా ప్లగ్గు ఆకారం మారి ఉండవచ్చు. బలవంతంగా దూర్చకుండా దానితో వచ్చిన ప్లగ్గు వైర్లనే ఫేజ్, న్యూట్రల్, ఇంటర్‌కనెక్ట్‌లకి కొత్తగా కలపాలి. ముందు ఎంసీబీ ఆపి, టెస్టర్‌తో చూసి, ఆకుపచ్చ లైటు ఆరిందని నిర్ధారించుకున్నాకే చేయి పెట్టండి. పని అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. గొలుసులో ఒకదానికి 10 ఏళ్లు నిండితే మిగతావీ అప్పుడే పెట్టి ఉంటారు, అన్నిటినీ ఒకేసారి మార్చడం మంచిది.

ఇంట్లో వినికిడి తగ్గినవాళ్లు గానీ, ఎంత పిలిచినా లేవని పిల్లలు గానీ ఉంటే మోత స్థాయి కన్నా స్వరం గురించి ఆలోచించండి. మామూలు అలారం సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర కీచుగా అరుస్తుంది, ఆ ఎత్తు స్వరమే వయసుతోపాటు ముందుగా వినిపించకుండా పోతుంది. 520 హెర్ట్జ్ లోతైన స్వరం ఇచ్చేవి నిద్రలోంచి బాగా లేపుతాయి. ప్యానెల్ ఉన్నచోట ఆ గదికి 520 హెర్ట్జ్ సౌండర్ బేస్ (హెడ్ కింద బిగించే, మోగే బేస్), ఇంట్లో అయితే గొలుసుకి కలిపే అదే స్వరపు సౌండర్, దానితోపాటు దిండు కింద పెట్టే వణికే ప్యాడ్, మెరిసే లైటు తీసుకోండి. కొనే ముందు ఇవి మీ అలారాల కంపెనీ ఇంటర్‌కనెక్ట్‌తో కలుస్తాయో లేదో పుస్తకంలో చూడండి.